మ్యాపులో లేని తూము

ఉదయం ఆరున్నరకల్లా డింప్నా రెండు టిఫిన్ డబ్బాలు సిద్ధం చేసేసింది. ఒక్కోదాంట్లో నాలుగేసి బ్రెడ్డు ముక్కలు, మధ్యలో వెన్న, పందిమాంసం, పక్కన ఒక ఆపిల్. ఒక డబ్బా కూతురు డెర్వలాది, రెండోది భర్త ఫింటన్‌ది. ఫింటన్‌కి ఉద్యోగం పోయి పద్నాలుగు నెలలైంది. అయినా ముప్ఫైమూడేళ్ళ కాపురంలో పడిన అలవాటు ఆమె చేతిని వదల్లేదు. మొదట్లో ఒకటి రెండుసార్లు కట్టేశాక నాలుక కరుచుకుంది. తర్వాత మానేస్తే మరీ బాగోదనిపించి కడుతూనే ఉంది. అతను ఆ డబ్బా పట్టుకెళ్ళి పదకొండింటికి వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని తింటాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

గుమ్మం పక్కన కొక్కేనికి నారింజరంగు కోటు ఒకటి వేలాడుతోంది. వీపు మీద కంపెనీ ముద్ర. ముప్ఫయ్యారేళ్ళు అదే కొక్కేనికి, అదే ముద్రతో ఫింటన్ కోటు వేలాడింది. ఇప్పుడున్నది డెర్వలాది. అటుగా వెళ్ళినప్పుడల్లా ఫింటన్ ముఖం పక్కకి తిప్పుకుంటాడు.

వాళ్ళ ఊరు క్లోన్‌బెగ్ చుట్టూ ఉన్న చిత్తడినేల కంపెనీది. ఎనభై ఏళ్ళ కిందట మొదలుపెట్టి కాలవలు తవ్వి, ఆ నేలలోని నీళ్ళు తోడేసి, నల్లటి పీట్ మట్టిని గీకి, ఎండబెట్టి, చిన్న రైలుబండ్ల మీద కరెంటు కేంద్రానికి తోలేవారు. ఊళ్ళో ఇంటికొకరు ఆ పనిలోనే ఉండేవారు. ఈ మట్టి కాలిస్తే గాలి పాడవుతోందని, ఇక చాలించమని ఒక రోజు రాజధాని డబ్లిన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. కరెంటు కేంద్రం మూసేశారు, దాని పొగగొట్టం కూల్చేశారు. ఆ కూల్చడాన్ని చూడ్డానికి టీవీవాళ్ళు వచ్చారు గాని, మర్నాడు ఈ ఊరివాళ్ళు ఏం తింటారో చూడ్డానికి ఎవరూ రాలేదు. ఉత్తర్వు మంచిదే కావచ్చు. దాన్ని రాసినవాళ్ళలో ఒక్కడికైనా ఉద్యోగం పోయిందా అని ఫింటన్ అడుగుతాడు.

ఇప్పుడు అదే కంపెనీ కొత్త పని పెట్టుకుంది. గాలి బాగుపడాలంటే ఆ కాలవలన్నిటికీ అడ్డుకట్టలు వేసి, నేలను మళ్ళీ తడిపి, నాచు మొలిపించాలట. అడ్డుకట్ట ఎక్కడ పడాలో దగ్గరుండి చూసే ఉద్యోగం డెర్వలాకి వచ్చింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల. ఆరు నెలలు పని చూసి ఆ తర్వాత ఖాయం చేస్తామన్నారు. తాత తవ్విన కాలవలు, తండ్రి ఏటేటా పూడిక తీసిన కాలవలు, ఇప్పుడు మనవరాలు పూడుస్తోంది. ఆమె చేరిన రోజు నుంచి, అంటే ఐదు వారాలుగా, ఫింటన్ ఆమెతో మాట్లాడటం లేదు.

"డింప్నా, వెన్న ఇటు జరపమని నీ కూతురికి చెప్పు," అన్నాడు ఫింటన్.

"వెన్న నీ మోచేతి కిందే ఉంది. అది కూడా దాన్నే జరపమంటావా?" అంది డింప్నా.

డెర్వలా నవ్వు ఆపుకుని టీ తాగింది. "అమ్మా, ఇవాళ తూర్పు కాలవ మూసేస్తున్నాం. ఈ విషయం ఆయనకి చెప్పు. రేపు ఎవరి నోటో విని మళ్ళీ ఇంటి మీద విరుచుకుపడకుండా."

ఫింటన్ చేతిలో కప్పు ఆగింది.

తూర్పు కాలవ పక్కనే ఊరివాళ్ళ వంతు నేలలున్నాయి. ఒక్కో కుటుంబం ఇంటి పొయ్యికి సరిపడా పీట్ పెళ్ళలు కోసుకుని, నాలుగేసి ఐదేసి ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఆరబెట్టుకునే చోటు అది. ఫింటన్‌కి ఇరవై ఏళ్ళప్పుడు ఆ వంతుల్లో నీళ్ళు నిలిచిపోతుంటే, వాళ్ళ నాన్న అతన్ని వెంటబెట్టుకుని, ఒక ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా, రైలుపట్టాల కింద వేసే పాత చెక్కలతో గట్టు అడుగున తూము ఒకటి వేశాడు. వంతుల్లో నీళ్ళు ఆ తూములోంచి కంపెనీ కాలవలోకి పోయేవి. అనుమతి లేదు, కాగితం లేదు. ఇప్పుడు కాలవకి అడ్డుకట్ట వేసి నీటిమట్టం పెంచితే అదే తూములోంచి నీళ్ళు వెనక్కి వంతుల్లోకి వస్తాయి. ఇది తెలిసినవాళ్ళలో బతికున్నది ఫింటన్ ఒక్కడే.

"ఆ కాలవ చివర గట్టు అడుగున ఏముందో చూసుకున్నారా అని అడుగు," అన్నాడు, పళ్ళెంలోకి చూస్తూ.

డెర్వలా అప్పటికే కోటు తొడుక్కుంటోంది. "అన్నీ మ్యాపులో ఉన్నాయని చెప్పమ్మా. డ్రోన్ ఎగరేసి జానెడు జానెడు కొలిచారు. ఇక పాతవాళ్ళని అడగాల్సిన పని లేదని మా ఇంజినీరు చెప్పాడు."

ఆ మాట అనేశాక ఆమెకే బాగోలేదు. వెనక్కి తిరిగి ఏదో అనబోయింది. ఫింటన్ ముఖం అప్పటికే మాడిపోయింది.

"మంచిది. అన్నీ మ్యాపులో ఉంటే ఇక నాతో పనేముంది," అని లేచి వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

మెట్టు మీద కూర్చుని అతను లెక్క వేసుకున్నాడు. మే నెలంతా ఎండలు కాశాయి, ఇప్పుడు జూన్ చివర. వంతుల్లో పెళ్ళలు ఈపాటికి అందరూ ఇళ్ళకి తోలుకుని ఉంటారు. ఖాళీ నేలలోకి నీళ్ళు వస్తే పోయేదేమీ లేదు. డ్రోన్‌వాళ్ళకి బుద్ధి వస్తుంది, అంతే. ఆ సిగ్గు ఎవరి నెత్తిన పడుతుందో అతను ఆలోచించలేదు. ఆలోచించలేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఆలోచన వచ్చినప్పుడల్లా "పాతవాళ్ళు" అన్న మాట గుర్తు తెచ్చుకుని ఒళ్ళు మండించుకున్నాడు.

పోనీ ఒకసారి వెళ్ళి వంతులు చూసి వస్తే సరిపోయేది. ఉద్యోగం తీసేసిన రోజున, ఇక చిత్తడిలో కాలు పెట్టనని అతను ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు తప్పలేదు.

శుక్రవారం వాన పట్టుకుంది. శనివారం రోజంతా కురిసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఉడికించిన పందిమాంసం, క్యాబేజీ, పొట్టు పగిలిన బంగాళాదుంపలు. వెనక తలుపు దభాలున తెరుచుకుంది. ఫింటన్ అక్క అట్రాక్టా లోపలికి వచ్చింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. అవతలి రోడ్డులో ఒక్కతే ఉంటుంది. రబ్బరు బూట్లు, మోకాళ్ళ పైదాకా నల్లటి బురద. చేతిలో తడిసి ముద్దయిన పీట్ పెళ్ళ. దాన్ని తెచ్చి దుంపల గిన్నె పక్కన, తెల్లటి బట్ట మీద పెట్టింది.

"తినండి. నా చలికాలం తినండి," అంది.

"ఏమైంది వదినా?" డింప్నా లేచి నిలబడింది.

"ఏమైందో నీ కూతుర్ని అడుగు. ఇరవై రోజులు నడుం పడిపోయేలా వంగి పెళ్ళలన్నీ నిలబెట్టాను. చర్చి అయ్యాక ఇవాళ వెళ్ళి చూస్తే మోకాలి లోతు నీళ్ళు. బాతులు ఈదుతున్నాయి. చక్కగా ఈదుతున్నాయిలే, వాటికేం. అక్టోబరు నుంచి నా పొయ్యిలో ఏం పెట్టుకోను? బాతుల్ని పెట్టుకోనా?"

డెర్వలా ముఖం పాలిపోయింది. "అలా జరగదత్తా. కాలవకీ వంతులకీ మధ్య నాలుగడుగుల గట్టుంది. నీళ్ళు గట్టు దాటి రావు."

"అయితే అబద్ధం చెబుతున్నానా? ఈ బురద పౌడరులా రాసుకున్నానా?"

డెర్వలా లోపలికి పరిగెత్తి మ్యాపు తెచ్చింది. పళ్ళేలు పక్కకి తోసి బల్ల మీద పరిచింది. వేలితో కాలవ వెంబడే పోతూ, "ఇదిగో, ఇక్కడ గట్టు. ఇక్కడ అడ్డుకట్ట. ఇక్కడేమీ లేదు. నీళ్ళు ఎలా వచ్చాయి?" అంది. మళ్ళీ మొదటినుంచి చూసింది. "రేపు పొద్దున్నే ఇంజినీరు వస్తున్నాడమ్మా. ఇది చూశాడంటే నన్ను ఉంచడు. చేసింది చెడగొట్టానంటాడు. నిజమే కదా, చెడగొట్టాను."

ఫింటన్ దుంప మీద పొట్టు తీస్తున్నాడు. ఇంత జరుగుతున్నా తల ఎత్తకుండా, ఒక్క పొర కూడా మిగలకుండా తీస్తున్నాడు. డింప్నా అతన్నే చూస్తోంది.

"ఫింటన్, నీకు తెలుసు," అంది.

అతను ఇంకో దుంప అందుకున్నాడు.

"నిన్నే. గురువారం పొద్దున గట్టు అడుగున ఏముందో చూశారా అని అడిగి, తర్వాత మాట మింగేశావు. నేను చూశాను. ఏముంది అక్కడ?"

కత్తి పళ్ళెంలో పెట్టాడు. "తూము ఉంది. నాన్నా నేనూ వేశాం. చెక్కలది."

డెర్వలా మ్యాపు మీంచి చెయ్యి తీసేసింది.

"నీకు తెలుసా," అంది మెల్లగా. "నీకు తెలిసే నన్ను పంపావా?"

"అన్నీ మ్యాపులో ఉన్నాయన్నావుగా."

"ఐదు వారాల తర్వాత నాతో మాట్లాడుతున్న మొదటి మాట ఇదా నాన్నా?" ఆమె గొంతు పెరిగింది. "పనిలో చేరకముందే అడిగాను నిన్ను. నాతో ఒక్కసారి కాలవల వెంట నడువు, నీకు తెలిసినంత వాళ్ళకెవరికీ తెలియదు అన్నాను. గుర్తుందా? ముఖం మీదే తలుపేసి పోయావు."

"ఏం నడవమంటావు?" ఫింటన్ లేచాడు, కుర్చీ వెనక్కి పడింది. "నడిచి చూపించమంటావా, ఎక్కడ పూడ్చాలో? నాలుగేళ్ళ వయసు నుంచి నాకు నేర్పింది ఒక్కటే. నీళ్ళు మన శత్రువు, కాలవ మన కూడు. ముప్ఫయ్యారేళ్ళు ఆ యంత్రం మీద కూర్చున్నాను. ఎండకి మట్టి లేచి కళ్ళలో పడి, రాత్రి దగ్గితే దిండు నల్లగా అయ్యేది. ఒక్క మధ్యాహ్నం పిలిచి టీ పోసి, నా యంత్రం ఫోటోకి ఫ్రేము కట్టించి ఇచ్చి పొమ్మన్నారు. యంత్రం ఫోటో. అందులో నేనే లేను. ఇప్పుడు నా కూతురికి అదే కోటు తొడిగి నా చేతి పని చెరిపేయిస్తున్నారు. నేను చప్పట్లు కొట్టాలా?"

"వద్దు, కొట్టకు. నన్నేం చెయ్యమంటావో అది చెప్పు," అంది డెర్వలా. "నాతో చదువుకున్నవాళ్ళు పదకొండుమంది. ఊళ్ళో ఉన్నది నేనూ ఇంకొకత్తీ. మన హర్లింగ్ ఆట జట్టుకి పదిహేనుమంది దొరక్క పక్క ఊరితో కలిపేశారు. వాళ్ళని నువ్వు జీవితమంతా తిట్టావు, ఇప్పుడు మనవాళ్ళు వాళ్ళ చొక్కాలే వేసుకుని ఆడుతున్నారు. ఈ చుట్టుపక్కల దొరికిన ఒకే ఒక్క ఉద్యోగం ఇది. మీ దగ్గరే ఉందామని చేరాను. పొమ్మంటావా? ఆ మాట నీ నోటితో అను. అమ్మకి చెప్పి చెప్పించకు."

ఫింటన్ తెలియకుండానే అక్క వైపు తిరిగాడు.

"నా వైపు చూడకు," అంది అట్రాక్టా. ఇప్పుడు ఆమె కోపం దిక్కు మారింది. "ఈ పిల్లదే తప్పనుకుని వచ్చాను. నువ్వా?"

"పెళ్ళలు తోలుకుపోయి ఉంటావనుకున్నానక్కా. మే అంతా ఎండే కదా. మామూలుగా ఈపాటికి నీ కొట్టం నిండిపోతుంది."

"మామూలుగా ఎవరు తోలేవారురా?"

ఫింటన్ మ్యాపు అంచు మడవసాగాడు.

"చెప్పు. మీ బావ పోయినప్పటి నుంచి నా పెళ్ళలు ఎవరు తోలారు? శనివారం వస్తే నీతో కలిపి నీ తోటి పనివాళ్ళు తొమ్మిదిమంది దిగేవారు. ఒక్కో శనివారం ఒక్కో ఇంటి వంతు. నేను రొట్టెలు కాల్చి పెట్టేదాన్ని, సాయంత్రానికి అయిపోయేది. పోయిన ఏడు కూడా అప్పటికి ఊళ్ళో ఉన్నవాళ్ళు ఎలాగో తోలిపెట్టారు. ఇప్పుడు ఒకడు డబ్లిన్‌లో బస్సు తోలుతున్నాడు. ముగ్గురు ఆస్ట్రేలియా పోయారు. ఒకడు ఏదో గోదాములో పెట్టెలు మోస్తున్నాడు. ఒకడు ఇంట్లోంచి బయటికే రాడు, పెళ్ళాం వచ్చి ఏడుస్తుంది. ఒకణ్ణి పోయిన ఏడే పాతిపెట్టాం. కోల్మన్‌కి శనివారాలు కూడా కంపెనీ పనే. ఇక మిగిలింది నువ్వు. నువ్వు వస్తావని మూడు శనివారాలు రొట్టె చేసి కూర్చున్నాను. వచ్చావా?"

"ఒక్క మాట చెబితే వచ్చేవాణ్ణి."

"అడుక్కోవాలా నిన్ను? చంకలో వేసుకుని తిప్పినదాన్ని, తోబుట్టువుని, నిన్ను అడుక్కోవాలా? నువ్వు కంపెనీ మీద అలిగావు. మంచిదే, అలగాల్సిందే. కానీ అలిగి ఎవరి పొయ్యి ఆర్పావో చూశావా? కంపెనీది కాదురా, నాది."

ఫింటన్ పడిపోయిన కుర్చీని నిలబెట్టాడు. దాని వీపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయితే అవి కూడా కోపంతోనే వచ్చినట్టున్నాయి, ముంజేత్తో గట్టిగా తుడుచుకున్నాడు. వెనక గుమ్మంలోకి వెళ్ళి, పద్నాలుగు నెలలుగా మూల పడున్న రబ్బరు బూట్లు వేసుకున్నాడు. పార భుజాన వేసుకుని నడిచాడు. ముగ్గురు ఆడవాళ్ళూ వెనకే వెళ్ళారు.

వంతు నిజంగానే చెరువైంది. నిలబెట్టిన పెళ్ళల గుట్టలు సగం దాకా మునిగి, కొన్ని విచ్చిపోయి నల్లటి నీళ్ళలో కరుగుతున్నాయి. ఫింటన్ గట్టు వెంట ముప్ఫై అంగలు లెక్కపెట్టి ఆగాడు. నీళ్ళలోకి దిగి, చొక్కా చెయ్యి కూడా మడవకుండా భుజం దాకా ముంచి తడిమాడు. నీళ్ళ కింద చెక్క అంచు చేతికి తగిలింది. ముప్ఫైఎనిమిదేళ్ళైనా అది ఇంకా గట్టిగానే ఉంది.

"తడి మట్టి కావాలి. బాగా పిసికింది," అన్నాడు. ఎవరిని అడుగుతున్నాడో చెప్పలేదు.

డెర్వలా నీళ్ళలోకి దిగింది. ఒడ్డున మట్టి తవ్వి, పిసికి, ముద్దలు చేసి అందించింది. అతను ఒక్కో ముద్దనీ తూము నోట్లోకి తోసి మడమతో అదిమాడు.

"గట్టిగా నొక్కితే చెక్క విరుగుతుందేమో," అంది డెర్వలా.

"విరగదు. మీ తాత వేసింది," అన్నాడు ఫింటన్. తండ్రీకూతుళ్ళు ఒకరితో ఒకరు కోప్పడకుండా మాట్లాడుకున్నది ఐదు వారాల్లో ఆ రెండు ముక్కలే.

తూము మూసుకుంది, నీళ్ళు రావడం ఆగింది. ఇక ఉన్న పెళ్ళల్ని మోసి ఎత్తు గట్టు మీదికి చేర్చాలి. డెర్వలా ఫోన్ తీసి అందరికీ చేసింది. కాలవల దగ్గర యంత్రం తోలే కోల్మన్ ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. ఒకప్పుడు ఫింటన్ పక్క యంత్రం అతనిదే. భార్యని కూడా తెచ్చాడు. ఇంకెవరూ రాలేదు. తొమ్మిదిమంది దిగే చోటికి ఇద్దరు వచ్చారు. ఆ ఇద్దర్నీ చూసి ఫింటన్‌కి మళ్ళీ కడుపు మండింది. ఈసారి ఆ మంటంతా రెండు చేతుల్లో పెట్టి పెళ్ళలు మోశాడు.

సాయంత్రానికి అడుగు వరస పోయింది, పైవి దక్కాయి. వాటినీ మళ్ళీ నిలబెట్టి ఎండబెట్టాలి.

"ఇక నుంచి ప్రతి శనివారం నేను వస్తానక్కా," అన్నాడు ఫింటన్.

"రా. రొట్టె మాత్రం చెయ్యను," అంది అట్రాక్టా. "క్షమించానని కూడా అనుకోకు. అక్టోబరులో పొయ్యి వెలిగించి, ఇవి మండుతాయో పొగే వస్తుందో చూశాక ఆలోచిస్తాను."

సోమవారం ఉదయం ఆరున్నరకి డింప్నా మళ్ళీ రెండు డబ్బాలు కట్టింది. డెర్వలా రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. మ్యాపు మీద తూము ఉన్నచోట ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసుకుంది.

"ఎవరు వేశారని అడుగుతారు," అంది, టీలోకి చూస్తూ. "ఏం రాయను?"

"మీ తాత పేరే రాయి," అన్నాడు ఫింటన్. "కంపెనీవాళ్ళు ఏం చేస్తారు, సమాధి దగ్గరికి నోటీసు పంపుతారా? తెలిసి కూడా చెప్పనివాడి పేరు అడిగితే నాది రాయి. నువ్వు అడిగావని, నేను దాచానని రాయి."

డెర్వలా కప్పు కింద పెట్టింది. తల వంచుకుని ఏడ్చింది. డింప్నా పొయ్యి దగ్గర అటు తిరిగి, అక్కర్లేకపోయినా గిన్నె కడగసాగింది.

ఫింటన్ కొక్కెం దగ్గరికి వెళ్ళి ఆ నారింజరంగు కోటు తీశాడు. దాన్ని చూసిన చూపులో ప్రేమ ఏమీ లేదు. అయినా తెచ్చి కూతురి కుర్చీ మీద వేశాడు. బల్ల మీద నుంచి తన డబ్బా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"వాళ్ళ కోసం రావట్లేదు. వాళ్ళ జీతం నాకొద్దు, వాళ్ళ టీ కూడా తాగను," అన్నాడు. "ఆ ఇంజినీరుని బూట్లు వేసుకుని రమ్మను. ఆ డ్రోన్ ఇంట్లో పెట్టి రమ్మను."

"ఎందుకు నాన్నా?"

"లే, వాన వచ్చేలోపు నడవాలి. అలాంటి తూములు ఇంకా నాలుగున్నాయి."